పేరు చివర్లో, మట్టి ముందు

ప్రశ్న: పెద్దవాళ్లకు వ్యవసాయ శాస్త్రం క్లాసులు మొదలుపెట్టబోతున్నాను. ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. కాలేజీ వదిలిన కుర్రాళ్లూ ఉన్నారు, అరవై దాటిన రైతులూ ఉన్నారు. మొదటి రోజు ఎవరూ నోరు విప్పరని, పరిచయం కోసం ఆటలు ఆడించమని తోటివాళ్లు చెబుతున్నారు. అంత పెద్దవాళ్లతో ఆటలంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్‌కి అర్థం ఉందండీ. నేనూ ఒకప్పుడు బంతి ఆట ఆడించాను. బంతి ఎవరి చేతికొస్తే వాళ్లు లేచి పేరు, చదువు చెప్పాలి. అది ఓ పెద్దాయన ఒళ్లో పడింది. ఆయన పేరు చెప్పి, ఆపైన బంతినే చూస్తూ నిలబడిపోయారు. ముప్ఫై ఏళ్లుగా సేద్యం చేస్తున్న మనిషి ఆయన. ఆ సంగతి అడగకుండా చదువు అడిగాను. మర్నాడు ఆయన రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇప్పటికీ ఆ తప్పు నన్ను బాధిస్తూనే ఉంటుంది.

పెద్దవాళ్ల అనుభవాన్ని పాఠానికి పెట్టుబడిగా చూడాలని వయోజన విద్య మీద రాసిన మాల్కం నోల్స్ గట్టిగా చెప్పారు. వ్యవసాయం క్లాసులో ఆ పెట్టుబడి మరీ ఎక్కువ. అందుకే పరిచయానికి వేరే ఆట వద్దు, పాఠంలోని మొదటి ముక్కనే చేతికివ్వండి.

నేను ఇప్పుడు చేసేది ఇది. మూడు గిన్నెల్లో మూడు రకాల మట్టి, పక్కన నీళ్లు, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ పెడతాను. ఇద్దరిద్దరిని జత చేస్తాను, వీలైతే ఓ కుర్రాణ్ణీ ఓ పెద్దాయన్నీ కలిపి. మట్టి తడిపి ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కుతూ పట్టీలా బయటికి సాగదీయాలి. ఇసుక నేలైతే పట్టీ రానే రాదు. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగిపోతే బంక తక్కువని అర్థం. అయిదు దాటినా వేలాడుతూ ఉంటే అది బంకమట్టి. అప్పుడు ఒకే ప్రశ్న వేస్తాను: "ఈ నేల మీదైతే వాన పడ్డాక ఎన్నాళ్లకు దున్నుతారు?" వేళ్ల మధ్య మట్టి ఉండగా జవాబు చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. "ఇది జిగురండీ, ఆరితే పెళ్లలు లేస్తుంది" అని ఒకరంటే, "అబ్బే, అంత జిగురేం కాదు" అని ఇంకొకరు అందుకుంటారు. పేర్లు చివర్లో, అదీ ఎవరి పేరు వాళ్లు కాదు, జతలోని మనిషి పేరూ అతను మట్టి గురించి చెప్పిన ఒక మాటా. ఆ మాటల్ని బోర్డు మీద రాసి, ఆ రోజు పాఠంలో వాడుకోండి. వాడకపోతే అది ఉత్త కాలక్షేపమే అవుతుంది. చేతికి పుండున్నవాళ్లను బలవంతపెట్టకండి, చూసి చెప్పినా చాలు.

పురుగుల పాఠమైతే ఇంకోటి ఉంది. అక్షింతల పురుగు (లేడీబర్డ్) పిల్లను గాజు సీసాలో పెట్టి తిప్పండి. సన్నగా, పొడుగ్గా, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో ఉంటుంది, తల్లి పోలికే ఉండదు. మిత్రపురుగా, శత్రుపురుగా? చేతులెత్తమనకండి, తప్పు చెప్పినవాళ్లు నలుగురిలో చిన్నబోతారు. రెండు డబ్బాలు పెట్టి, తలా ఒక గింజ ఇచ్చి ఏదో ఒక డబ్బాలో వేయమనండి. 1989లో ఇండోనేషియాలో వరి రైతులకోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో మొదలైన పొలంబడుల్లో ఇలాంటి ఓటు పద్ధతి ఉంది: ప్రశ్న పక్కనే అసలు పురుగో ఆకో ఉంటుంది, జవాబు పెట్టెలో పడుతుంది. నా క్లాసుల్లో శత్రువు డబ్బాయే నిండేది. అప్పుడు పేనుబంక, అంటే మొక్క రసం పీల్చే చిన్న పురుగులు, పట్టిన ఆకొకటి సీసాలో వేస్తాను. ఆ పిల్ల ఒక్కో పేనునూ పట్టుకుని తింటుంటే అందరూ సీసా చుట్టూ మూగుతారు. ఒకసారి ఓ రైతు మెల్లగా, "ఇన్నాళ్లూ వీటినే చంపుకున్నాం కదమ్మా" అన్నారు. దాని మీద గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ రోజు అనుకున్న పాఠం సగంలో ఆగింది, అయినా నాకు దిగులు లేదు.

ప్రశ్న: మా క్లాసు ఆన్‌లైన్‌లో. మట్టి చేతికెలా ఇస్తాం?
- మరో పాఠకుడు

జవాబు: వాళ్ల మట్టే వాళ్ల దగ్గరుంటుంది కదండీ. మూతున్న గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి కెమెరా ముందు పెట్టమనండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుక్కి దిగుతుంది, ఆ పైన ఒండ్రు చేరడానికి గంటలు పడుతుంది, బంక తేరడానికి ఒక రోజో ఇంకా ఎక్కువో. దిగిన ప్రతి పొర దగ్గరా పెన్నుతో గీత గీసి, సీసాను కదపకుండా రెండో క్లాసు దాకా ఉంచమనండి. రెండో క్లాసు ఆ గీతలతోనే మొదలుపెట్టండి.