పాత ప్రాసెసర్ పీకే ముందు చదువు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. మీ లైన్‌లో మెషీన్లను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ-5 ఆగిపోయిందనీ, దాని ప్రాసెసర్ కార్డు మీద ఎర్ర లైటు వదలకుండా వెలుగుతోందనీ, స్టోర్‌లో ఉన్న స్పేర్ పెట్టేసి లైన్ నడిపించమని పైవాళ్లు తొందరపెడుతున్నారనీ రాశావు. టెన్షన్ పడకు తల్లీ. కార్డు మార్చడం చిన్న పనే. కానీ ఇన్నేళ్లుగా ఆ మెషీన్ నేర్చుకున్నదంతా కార్డు లోపలి మెమరీలో ఉంది. దాన్ని పోగొట్టకుండా కొత్త కార్డులోకి తేవడమే నీ పని. తొందరపెట్టేవాళ్లకు నీకు కొంత టైమ్ కావాలని సూటిగా చెప్పు.

ముందు, పోయింది ప్రాసెసరేనా అని తేల్చుకో. ఎర్ర లైటు చూడగానే అందరూ ప్రాసెసర్ మీదే పడతారు. అంత వయసున్న ర్యాక్‌లో (కార్డులన్నీ గుచ్చి ఉండే పెట్టెలో) నేను ముందుగా అనుమానించేది పవర్ సప్లైని. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. మీటర్ డీసీలో 5 వోల్టులు చక్కగా చూపిస్తుంది, అదే మీటర్‌ని ఏసీకి మార్చి చూస్తే రిపుల్, అంటే డీసీలో కలిసిన ఏసీ అలజడి, బయటపడుతుంది. కార్డులన్నీ ర్యాక్‌లో ఉండగా, లోడ్ మీదే కొలువు. ఒక చెడ్డ ఇన్‌పుట్ కార్డు బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నీ కలిసే వెనక బోర్డు) మొత్తం వోల్టేజీని కిందికి లాగేయడం కూడా ఉంటుంది. పవర్ ఆపి ఒక్కో ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) కార్డూ వెనక్కి జరిపి, మళ్లీ పవర్ ఇచ్చి చూడు. ర్యాక్‌కి పవర్ ఉండగా ఏ కార్డూ పీకకు, పెట్టకు. పీఎల్‌సీ-5 వాడే 1771 ర్యాక్ దానికోసం చేసింది కాదు.

ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది చాలావరకు మేజర్ ఫాల్ట్, అంటే ప్రాసెసర్ బతికే ఉంది. ల్యాప్‌టాప్ కనెక్ట్ అయితే స్టేటస్ ఫైల్‌లో ఎస్:11, ఎస్:12 చూడు, ఫాల్ట్ ఏమిటో అక్కడుంటుంది. బ్యాటరీ అయిపోయి ఉండగా కరెంటు పోయిందంటే ప్రోగ్రామ్ చెరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు కార్డుకు ఏమీ కాలేదు, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కిస్తే చాలు. వదలకుండా వెలుగుతూ, ఒకసారి పవర్ ఆపి ఇచ్చినా మారకుండా, ల్యాప్‌టాప్‌కి బదులివ్వకుండా ఉంటేనే హార్డ్‌వేర్ పోయిందని అనుకో.

ప్రాసెసర్ ఏ కొంచెం మాట్లాడినా మొదట అప్‌లోడ్ చేసుకో, అంటే అందులోని ప్రోగ్రామ్‌ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకో. మెమరీ క్లియర్ చేస్తే ఫాల్ట్ పోతుందని ఎవరో ఒకరు పక్కనుంచి చెబుతారు. అప్‌లోడ్ అయ్యేదాకా ఆ మాట వినకు. అప్‌లోడ్ చేసిన కాపీలో రంగ్ (ప్రోగ్రామ్‌లోని ఒక్కో వరుస) కామెంట్లు, సింబల్ పేర్లు ఉండవు. పీఎల్‌సీ-5 వాటిని తనలో దాచుకోదు, అవి పాత కంప్యూటర్‌లోని ఫైల్‌లోనే ఉంటాయి. అందుకే రెండూ కావాలి. నిజంగా నడుస్తున్న లాజిక్ ప్రాసెసర్‌లో ఉంది, దాని అర్థం కంప్యూటర్‌లో ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టి కంపేర్ చెయ్యి. తేడాలు తప్పకుండా వస్తాయి. రాత్రి షిఫ్ట్‌లో ఎవరో ఒక టైమర్ మార్చి ఉంటారు, ఒక లిమిట్ స్విచ్‌ని బైపాస్ చేసి ఉంటారు. ఆ తేడాలను కాగితం మీద రాసుకో.

ఇక పవర్ ఆపి లాక్ వేశాక, కార్డు తీసే ముందు ఫొటోలు తీయి. లేబుల్ మీద క్యాటలాగ్ నంబరే కాదు, సిరీస్ అక్షరం, రివిజన్ కూడా కనబడాలి. పేరు ఒకటే అయినా సిరీస్ వేరైతే ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) వేరై, కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు పని చేయకపోవచ్చు. ముందు భాగంలో ఉన్న 1ఏ, 1బి ఛానెళ్ల కనెక్టర్లు అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకటి ప్రాసెసర్లు మాట్లాడుకునే డీహెచ్ ప్లస్ నెట్‌వర్క్‌కి, ఇంకోటి రిమోట్ ఐఓకి, అంటే దూరంగా ఉన్న ఐఓ ర్యాక్‌లకి, వెళ్తుండొచ్చు. విప్పకముందే ట్యాగ్ కట్టు. మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ వేసుకున్నాకే కార్డు ముట్టుకో.

స్విచ్‌ల దగ్గర కాసేపు ఆగు. ప్రాసెసర్ మీది డిప్ స్విచ్‌లు డీహెచ్ ప్లస్‌లో దాని స్టేషన్ అడ్రస్ చెబుతాయి. ఆ అడ్రస్ ఆక్టల్‌లో ఉంటుంది, అందులో 8, 9 రావు. స్పేర్ కార్డుకి వేరే అడ్రస్ ఉండి అది నెట్‌వర్క్‌లో ఇంకో ప్రాసెసర్‌దే అయితే, నీ లైన్‌తో పాటు పక్క లైన్ కూడా ఇబ్బంది పడుతుంది. ర్యాక్ వెనక బ్యాక్‌ప్లేన్ మీద ఇంకో 8 స్విచ్‌లుంటాయి. అవి ర్యాక్‌తోనే ఉండిపోతాయి కాబట్టి మార్చక్కర్లేదు, కానీ చదివి పెట్టుకో. మొదటిది, ఫాల్ట్ వచ్చినప్పుడు అవుట్‌పుట్లు ఆగిపోవాలా, ఉన్న స్థితిలోనే ఉండిపోవాలా అని చెబుతుంది. 6, 7 స్విచ్‌లు, పవర్ రాగానే ఈఈప్రామ్ మాడ్యూల్‌లోని (కరెంటు లేకున్నా చెరగని చిన్న మెమరీలోని) ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించాలా అన్నది. స్పేర్ కార్డులో ఎవరో ఎప్పుడో పెట్టిన ఈఈప్రామ్ ఉందనుకో. నువ్వు ల్యాప్‌టాప్ నుంచి కార్డులోకి కష్టపడి డౌన్‌లోడ్ చేసింది, మళ్లీ పవర్ పోయి వచ్చేసరికి పాత ప్రోగ్రామ్ కింద పడిపోవచ్చు. కార్డు పెట్టే ముందే ఆ మాడ్యూల్ ఉందో లేదో చూడు.

ఇప్పుడు నన్ను బాగా కలవరపెట్టే విషయం. డౌన్‌లోడ్ చేసేటప్పుడు లాజిక్ ఒక్కటే వెళ్లదు. ఆ ఫైల్ సేవ్ చేసిన రోజున డేటా టేబుల్‌లో ఏముందో అది కూడా వెళ్తుంది. కౌంటర్లు ఆ రోజు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. రెసిపీ విలువలు, సెట్ పాయింట్లు ఆ రోజువే. ముఖ్యంగా లాచ్ చేసిన బిట్లు, అంటే ఒకసారి ఆన్ చేస్తే ఆఫ్ చేసేదాకా అలాగే ఉండిపోయేవి. ఆ రోజు క్లాంప్ మూసి ఉండి, సీక్వెన్స్ మధ్య దశలో ఉన్నదనుకో. ఇవాళ క్లాంప్ తెరిచి ఉన్నా, ప్రోగ్రామ్ మూసే ఉందనుకుని తర్వాతి దశకి వెళ్తుంది. మెషీన్ కదులుతుంది, అక్కడ ఎవరిదో చెయ్యి ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నిన్ను బతిమాలుతున్నాను.

కాబట్టి రన్‌లో పెట్టే ముందు డేటా ఫైళ్లను కూర్చుని చూడు. లాచ్, అన్‌లాచ్ ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కో బిట్‌నీ మెషీన్ నిజంగా ఉన్న స్థితితో పోల్చు. ఎస్:1/15 అనే ఫస్ట్ స్కాన్ బిట్‌ని (రన్‌లోకి రాగానే మొదటి చుట్టులో మాత్రమే ఆన్‌లో ఉండేదాన్ని) ప్రోగ్రామ్ ఎక్కడ వాడుతోందో కూడా చూడు. బాగా రాసిన ప్రోగ్రామైతే దానితోనే సీక్వెన్స్‌ని మొదటికి తెస్తుంది. అందరూ బాగా రాయలేదు. ఫోర్స్‌లు, అంటే బలవంతంగా ఆన్ లేదా ఆఫ్ చేసి ఉంచినవి, ఏవైనా ఎనేబుల్ అయి ఉన్నాయేమో చూడు. సెట్ పాయింట్లకు, ఆపరేటర్ల లాగ్ బుక్‌లో వాళ్లు రాసుకున్న అంకెలే నీకు నమ్మకమైన ఆధారం. ఆ లైన్ మీద ఎక్కువ కాలం పనిచేసినవాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకో, గౌరవంగా అడుగు. వాళ్లకు తెలిసింది ఏ డ్రాయింగ్‌లోనూ ఉండదు.

మొదటిసారి నడిపేటప్పుడు మోటార్ల ఐసోలేటర్లు (కరెంటు విడగొట్టే స్విచ్‌లు) ఆఫ్, గాలి, హైడ్రాలిక్ ప్రెషర్ వదిలేసి ఉండాలి. ప్రాసెసర్ మీది కీ రిమోట్‌లో పెట్టి, టెస్ట్ మోడ్‌లోకి తే. అందులో ల్యాడర్ ప్రోగ్రామ్ నడుస్తుంది కానీ అవుట్‌పుట్లు బయటికి వెళ్లవు. ఒకరు లైన్ దగ్గర నిలబడి ఒక్కో సెన్సర్‌నీ తట్టాలి, నువ్వు తెరమీద ఆ బిట్ మారుతోందా చూడాలి. టెస్ట్ మోడ్ ఉంది కదా అని ఐసోలేటర్లు ఆన్‌లో ఉంచొద్దు. తర్వాత రన్‌లోకి తెచ్చి, అవుట్‌పుట్ల లైట్లు సరైన వరుసలో వస్తున్నాయో చూసి, ఒక్కో భాగానికీ విడివిడిగా శక్తి ఇవ్వు. ఎమర్జెన్సీ స్టాప్‌ని అన్నిటికంటే ముందు నొక్కి చూడు.

స్పేర్ విషయానికొస్తే, దాన్ని నేరుగా లైన్ ర్యాక్‌లో పెట్టకు. మూల ఎక్కడైనా ఖాళీ ర్యాక్, పవర్ సప్లై ఉంటే అందులో పెట్టి ముందు ఓ రాత్రంతా నడవనీ. సెకండ్ హ్యాండ్‌దైతే అందులో ఇంకెవరిదో ప్రోగ్రామ్, పాస్‌వర్డ్ ఉండొచ్చు, మెమరీ క్లియర్ చెయ్యి. కొత్త బ్యాటరీ వెయ్యి. తయారుచేసే రాక్‌వెల్ కంపెనీ పీఎల్‌సీ-5 అమ్మకాలు 2017లో ఆపేసింది, ఇప్పుడు దొరికేవన్నీ ఎక్కడో వాడి తీసినవో, ఏళ్ల తరబడి అరల్లో ఉన్నవో. సిస్టమ్ మొత్తం మార్చాలని నేనూ అంటాను. కానీ లైన్ ఆగి, అందరూ నీ వెనక నిలబడి ఉన్న రోజున ఆ నిర్ణయం తీసుకోవద్దు.

పాత ల్యాప్‌టాప్‌ని ఎవరూ పారేయకుండా చూసుకో. నిజమైన సీరియల్ పోర్ట్, పని చేసే లైసెన్స్‌తో ఉన్న సాఫ్ట్‌వేర్, సరైన కేబుల్, ఈ మూడూ కార్డు కంటే కష్టంగా దొరుకుతాయి. దాని హార్డ్ డిస్క్ ఇమేజ్ ఒకటి వేరేచోట ఉంచు. పని అయ్యాక మళ్లీ అప్‌లోడ్ చేసి, తేదీ వేసి సేవ్ చెయ్యి, ఈసారి లైన్ హోమ్ పొజిషన్‌లో ఉన్నప్పుడే. అప్పుడు ఆ కాపీలోని బిట్లు తర్వాత ఎవరికీ ప్రమాదం తేవు. పాడైన కార్డుని పారేయకు, ట్యాగ్ కట్టి దాచు, బోర్డు రిపేర్ చేసేవాళ్లకు పనికొస్తుంది.

రాత్రి ఎంత పొద్దుపోయినా పర్వాలేదు, పాత కార్డు, స్పేర్ కార్డు లేబుళ్ల ఫొటోలు, రెంటి డిప్ స్విచ్‌ల ఫొటోలు నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా స్పేర్ కార్డుతో లైన్‌కి పవర్ ఇవ్వకు.

మీ మామయ్య