కత్తి కంటే ముందు దాణా గురించి రాయి

ప్రియమైన అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ చదివాను. భాష బాగుంది. కానీ క్రూసేడుల కాలంలో, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులూ ముస్లింలూ పోరాడిన రోజుల్లో, పాలస్తీనాలోని హత్తిన్ దగ్గర నీ టెంప్లర్ వీరుడు, ఆ క్రైస్తవ సన్యాసి యోధుడు, మిట్టమధ్యాహ్నం గటగటా నీళ్లు తాగి, "దేవుడి కోసం!" అని అరిచి, శత్రువుల మీదికి ఒంటరిగా గుర్రం దూకించాడే, అక్కడ నాకు ఒళ్లు మండింది.

1187 జులై 4న ఆ క్రైస్తవ సైన్యం దగ్గర నీళ్లే లేవమ్మా. సఫూరియాలో ఊటల పక్కన నిబ్బరంగా ఉన్నవాళ్లను, సరస్సు ఒడ్డున ఉన్న టైబీరియాస్ పట్టణాన్ని ముట్టడించి ముస్లిం సుల్తాను సలాదీన్ బయటికి లాగాడు. 3వ తేదీన బయల్దేరి, రోజంతా బాణాలు తింటూ నడిచి, రాత్రికి చుక్క నీరు లేని చోట ఆగిపోయారు. అవతలివాళ్లకేమో సరస్సు నుంచి ఒంటెల మీద తిత్తులతో నీళ్లు వస్తున్నాయి. దానికి తోడు ఎండుగడ్డికి నిప్పు పెట్టి పొగ వీళ్ల మీదికి వదిలారు. నీ వీరుడికి ఆ నీళ్లు ఎవరిచ్చారు?

నీళ్లు యుద్ధం ముగిశాక వచ్చాయి. బందీగా తెచ్చిన జెరూసలేం రాజు గైకి సలాదీన్ తన డేరాలో చల్లటి పానీయం ఇచ్చాడు. గై తాను తాగి, తోటి బందీ అయిన సామంతుడు రేనాల్డ్‌కు అందించాడు. బందీకి దాహం తీరిస్తే ఇక వాణ్ని చంపకూడదన్నది వాళ్ల మర్యాద. అందుకే, రేనాల్డ్‌కు ఇచ్చింది నేను కాదు అని సలాదీన్ అప్పుడే తేల్చేశాడు. తర్వాత అతని మీద తనే కత్తి దూశాడు. ఇంత సీను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇక ఒంటరిగా దూకడం. టెంప్లర్లు సన్యాసులు. 1129లో ఫ్రాన్సులోని ట్రువాలో జరిగిన చర్చి సభ వాళ్ల నియమావళిని ఖాయం చేసింది. ఆ తర్వాత చేరిన నిబంధనల ప్రకారం, అనుమతి లేకుండా వరస దాటి దూకినవాడు శిక్షగా ఒంటి మీది తెల్ల అంగీ పోగొట్టుకోవచ్చు. జీను సరిచూసుకోవడానికి నాలుగు అడుగులు వెళ్లి రావచ్చు, ప్రాణాపాయంలో పడ్డ క్రైస్తవుణ్ని కాపాడడానికి వెళ్లవచ్చు, అంతే. మాంసం వారానికి మూడుసార్లు. సింహాన్ని తప్ప దేన్నీ వేటాడకూడదు. వేకువ ప్రార్థన అయ్యాక, మళ్లీ పడుకునే ముందు, వెళ్లి గుర్రాలను చూసుకోవాలి. మతం కోసం చావడానికి సిద్ధపడ్డ మనిషి ఆ నిద్రకళ్లతో గుర్రపుసాలలోకి నడుస్తున్నప్పుడే నాకు కనిపిస్తాడు. భక్తిని అక్కడ చూపించు.

గుమాస్తా ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాదు వెళ్లి, లైబ్రరీలో కూర్చుని ఆ నియమాలను చేత్తో ఎత్తి రాసుకున్నాను. వాటితో కథ అల్లితే ఒక వారపత్రిక ఎడిటరు దాణా గురించిన పేరాలన్నీ కొట్టేసి, ఇంకో కత్తియుద్ధం పెట్టమన్నాడు. కథ వెనక్కి తీసుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఈ రోజుల్లో పేజీకో ఎలివేషన్ అడుగుతున్నారు. ఆ పిచ్చి నీ కథకూ అంటుకుంది.

అవతలి పక్షాన్ని నువ్వు పేరూ ముఖమూ లేని గుంపుగా వదిలేశావు. అదీ తప్పే. యుద్ధం అయిన రెండు రోజులకు, బందీలైన టెంప్లర్లను, వాళ్లలాంటి సన్యాసి యోధులే అయిన హాస్పిటలర్లను చంపమని సలాదీన్ ఆజ్ఞ ఇచ్చాడు. అతని వెంట ఉన్న పండితులు, సూఫీలు తలా ఒకరిని నరికే అవకాశం తమకు ఇమ్మని అడిగారు. కొందరి వేటు సరిగా పడక వేరేవాళ్లు అందుకోవాల్సి వచ్చింది. సలాదీన్ కార్యదర్శి ఇమాదుద్దీన్ దగ్గరుండి చూసి రాసిన సంగతి ఇది. చదువుకున్నవాళ్లు, తపస్సు చేసుకునేవాళ్లు ఆ పొద్దున కత్తి ఎందుకు అడిగారో రాయగలవా? రాయగలిగితే నీ వీరుడి అరుపులు ఏవీ అక్కర్లేదు.

నువ్వు అడిగిన కలం పేరు, పోటీలు, ఇవన్నీ తర్వాత చూద్దాం.

నీ కథలో గుర్రాల కాళ్ల దగ్గర పడుకునే కుర్రాడు ఒకడున్నాడు, రెండే రెండు వాక్యాల్లో. వాడి దగ్గర ఆగిపోయి చాలాసేపు కూర్చున్నాను. నియమావళి ప్రకారం ఒక్కో వీరుడికి మూడు గుర్రాలు, ఒక సహాయకుడు. కథను వాడికి అప్పగించు. సఫూరియాలో మొదలుపెట్టి 3వ తేదీ రాత్రి దాకా మాత్రమే రాసి పంపు. మూడు గుర్రాలూ దాహంతో వాడి వైపే చూస్తుంటాయి, వాడేం చేశాడో నాకు తెలియాలి.

ఆశీస్సులతో.