ఫొటో చూసి బండి కొనకు

చిన్నా,

నువ్వు పంపిన మూడు కార్ల ఫొటోలూ చూశాను. ఏది బాగుందో చెప్పు పెదనాన్నా అన్నావు. మూడూ ఒక్కలాగే ఉన్నాయిరా. కోపంగా చూసే సన్నటి లైట్లు, కింద నోరు తెరుచుకున్న గ్రిల్, వెనక ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్రటి లైటు గీత, ముందు బొమ్మ తీసేస్తే ఏది ఏ కంపెనీదో చెప్పలేం. అయినా బండిని బయటి నుంచి చూసేది రోడ్డు మీద వెళ్లేవాళ్లు. నువ్వు రోజూ చూడాల్సింది లోపలి నుంచి. ఇరవై ఆరేళ్లు లారీ నడిపి ఇప్పుడు కారు నడుపుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త చాదస్తం అనిపించినా చివరిదాకా చదువు.

షోరూంకి వెళ్లగానే సేల్స్ కుర్రాడు ముందు స్క్రీన్ చూపిస్తాడు. చూపించనీ. నువ్వు మాత్రం డ్రైవరు సీట్లో కూర్చుని, బండి ఆగి ఉన్నప్పుడే, కళ్లు మూసుకుని ఫ్యాను తగ్గించడానికి చూడు. తర్వాత ముందు అద్దం మీద పట్టే ఆవిరి పోగొట్టే బటన్ వెతుకు. చెయ్యి తడుముకుంటూ వెళ్లి సరైన చోట ఆగితే ఆ డాష్‌బోర్డు చేసినవాడికి బండి నడపడం వచ్చన్నమాట. నా లారీలో ఏ నాబ్ ఎక్కడుందో వేళ్లకి తెలిసేది, కళ్లకి ఆ పని ఉండేదే కాదు. గాజుపలకకి ఆకారం ఉండదు, వేలు ఎక్కడ పెట్టాలో కళ్లే చెప్పాలి, ఆ కళ్లు ఉండాల్సింది రోడ్డు మీద. కిందటేడు మా అల్లుడి కొత్త కారు నడుపుతుంటే వాన పట్టుకుంది, లోపల అద్దం మసకేసింది, ఆ గాలి అద్దం మీదికి తిప్పడానికి స్క్రీన్‌లో రెండు పేజీలు దాటాల్సి వచ్చింది. పక్కకి తీసి ఆపేశాను. నాకు చేతకాలేదు అనుకుంటావేమో.

సరే, నా మాట పక్కన పెట్టు. 2022లో స్వీడన్‌లో వీ బిలాగరే అనే కార్ల పత్రిక వాళ్లు ఒక పరీక్ష పెట్టారు. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ సీటు హీటరు వేయడం, రేడియోలో ఫలానా స్టేషన్ పెట్టడం, ట్రిప్ మీటరు సున్నా చేయడం, మీటర్ల వెలుతురు తగ్గించడం లాంటి మామూలు పనులే చేయమన్నారు. డ్రైవర్లకి ముందే బండి అలవాటు చేసుకునే టైమిచ్చారు కూడా. 2005 నాటి బటన్ల వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోపు బండి వెళ్లింది 306 మీటర్లు. కొత్త స్క్రీన్ కార్లలో అన్నిటికంటే వెనకబడినదానికి దాదాపు 45 సెకన్లు పట్టింది, అంటే 1,372 మీటర్లు. కిలోమీటరు పైన సగం చూపుతో నడిపినట్టు! యూరోపులో కార్లకి భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్ల లాంటివాటికి అసలైన మీటలు, బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది. కంపెనీలు స్క్రీన్‌లోకి ఎందుకు తోస్తున్నాయంటే, రివర్స్ కెమెరా కోసం ఎలాగూ ఒక స్క్రీన్ పెట్టాలి, అన్నీ అందులోనే పడేస్తే ఒక్కో బటన్‌కీ అచ్చు, వైరు, స్విచ్ ఖర్చు తప్పుతుంది. అది వాళ్ల మిగులు. దాన్ని నీకు ఆధునికం అని అమ్ముతారు.

ఇక చూపు సంగతి. ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలు ఇప్పుడు లావయ్యాయి. బండి పల్టీ కొడితే కప్పు కుంగకుండా ఉండాలని చేసిన పని అది, దాన్ని నేను తిట్టను. కానీ మలుపు దగ్గర ఆ స్తంభం వెనక ఒక మోటారు సైకిలు మొత్తం దాక్కుంటుంది. నీ స్నేహితుణ్ణి బండి చుట్టూ నడవమను, ఎక్కడ మాయమై ఎక్కడ మళ్లీ కనిపిస్తాడో చూసుకో. అలాగే బానెట్ ముందు ఒక కుర్చీ వేయించి, అది నీకు కనిపించేదాకా బండికి దూరంగా జరిపించు. ఎన్ని అడుగులు పోయిందో చూస్తే నీకే భయమేస్తుంది. నువ్వు పంపిన మూడో ఫొటోలో బండికి బానెట్ గోడలా ఉంది, అది నాకు అస్సలు నచ్చలేదు. అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2023లో దాదాపు 18 వేల పాదచారుల ప్రమాదాలు పరిశీలించి, బానెట్ అంచు 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే మనిషి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు వాలుగా ఉన్నవాటికంటే 45 శాతం దాకా ఎక్కువని తేల్చింది. తక్కువ ఎత్తుదైతే కాళ్లకి తగులుతుంది, ఎత్తైనదైతే ఛాతీకి, తలకి.

లారీల విషయంలో ఈ గొడవ ముందే అర్థమైంది. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకి, కెమెరాల్లోనో పక్క మిర్రర్లలోనో కాదు, కిటికీ అద్దాల్లోంచి డ్రైవరుకి నేరుగా ఎంత కనిపిస్తుందో చూసి సున్నా నుంచి 5 స్టార్లు ఇస్తారు. 2024 అక్టోబరు చివర నుంచి 3 స్టార్లకి తక్కువైతే అదనపు భద్రతా పరికరాలు పెట్టుకోవాల్సిందే. కార్లకి కూడా ఆ స్టారు ఉండాలని నా కోరిక, ఎవడు వింటాడు.

టైర్లు. ఇక్కడే కుర్రాళ్లు మోసపోతారు. 185/65 ఆర్15 అని ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 12 సెంటీమీటర్ల మెత్తటి రబ్బరు. చివరి 15 చక్రం సైజు, అంగుళాల్లో. 245/35 ఆర్20 అయితే ఎనిమిదిన్నరే. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తినాల్సింది రబ్బరు, అది లేకపోతే ముందు చక్రం, తర్వాత నీ నడుము. ఫొటోలో పెద్ద చక్రం అందంగానే ఉంటుంది మరి. అదే కారులో కింది వేరియంట్‌కి చిన్న చక్రాలొస్తే కళ్లు మూసుకుని అదే తీసుకో.

పాతకాలం బండ్లే గట్టివి అని మీ నాన్న అంటాడు, ఆ మాట వినకు. ఇదే ఐఐహెచ్‌ఎస్ 2009లో ఆ ఏటి షెవ్రోలే మాలిబూని, 1959 బెల్ ఎయిర్‌ని ఎదురెదురుగా గుద్దించింది. ఇనుప కొండలా కనిపించే పాత కారులో డ్రైవరు కూర్చునే చోటే నలిగిపోయింది, కొత్తదానిలో డ్రైవరు బదులు కూర్చోబెట్టిన బొమ్మకి కాలికే దెబ్బ తగిలింది. ముందు భాగం నలగాలి, మనిషి కూర్చున్న చోటు నిలవాలి. ఆ పని ఇప్పటివాళ్లు బ్రహ్మాండంగా చేస్తున్నారు, అందుకే మిగతా చోట్ల చూపిస్తున్న నిర్లక్ష్యం నాకు మంట.

చిన్న చిన్నవి ఇంకొన్ని. తలుపు లోపలికి దిగిపోయే హ్యాండిల్ ఉంటే, బండిలో కరెంటు పోయినప్పుడు చేత్తో తెరిచే మీట ఎక్కడుందో వెనక సీటు దగ్గర కూడా అడుగు. వెనక ఇండికేటర్లు బంపరు కింద పెట్టిన బండి అయితే, వెనక ఆనుకుని వచ్చే లారీవాడికి అవి కనిపించవు, నేను ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే. నల్లగా మెరిసే ప్లాస్టిక్ వారంలో గీతలు పడుతుంది. డిక్కీ చాప ఎత్తి స్టెప్నీ ఉందో, దాని బదులు పంక్చరు మూసే జిగురు సీసా, గాలి పంపు పెట్టారో చూడు. పక్క గోడ చీలితే ఆ జిగురు ఎందుకూ పనికిరాదు.

ఆదివారం వెళ్తానన్నావు కదా, వాన పడుతుంటే వాయిదా వేయకు, ఇంకా మంచిది. వీలైతే చీకటి పడ్డాక ఇంకోసారి నడిపి చూడు. బయటి ఫొటోలు ఇక పంపకు. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకి ఒకటి, భుజం మీదుగా వెనక్కి ఒకటి తీసి పంపు, అప్పుడు చెప్తాను.

మీ పెదనాన్న