బెయిలు ‘వేయడం’ తప్పా?

సందేహం: హనుమకొండ కోర్టులో జూనియర్‌గా చేరాను. మా సీనియర్ “రేపు ముందస్తు బెయిల్ వేద్దాం” అంటుంటారు. బెయిలిచ్చేది కోర్టు కదా, మనం వేసేదేమిటి? ఈ వాడుక తప్పు కాదా?

సమాధానం: తప్పు కాదు. దావా వేస్తాం, అప్పీలు వేస్తాం, వకాలత్ వేస్తాం. స్టే మాత్రం తెచ్చుకుంటాం. కోర్టులోకి పోయేదానికి ‘వేయు’, కోర్టు నుంచి వచ్చేదానికి ‘తెచ్చు’. మీ సీనియర్ వేద్దామన్నది బెయిలు పిటిషన్. మధ్యలో ‘పిటిషన్’ జారిపోయింది, అంతే. ఉత్తర్వు చేతికొచ్చిన రోజున ఆయనే “బెయిల్ వచ్చింది” అంటారు, వినండి. కాగితం మీద మాత్రం ‘బెయిలుకు పిటిషన్ వేశాం’ అని రాయడం మంచిది.

వకీళ్ల నోట కొత్త చట్టం పాతబడే తీరే ఇది. గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. ‘ఆ చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరుతూ దరఖాస్తు దాఖలు చేశాం’ అని ఇప్పుడెవరంటారు? “డీవీసీ (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) వేశాం” అంటారు. ‘దాఖలు చేయు’ పోయి ‘వేయు’ వచ్చిందంటే ఆ దారి చేతికి అలవాటైందనే నా లెక్క.

తమాషా ఏమిటంటే, 1973 నాటి సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లో ముందస్తు బెయిలుకు దారి చూపే 438వ సెక్షన్‌లో ఆ పేరే లేదు. ఆ పేరు సరికాదని 1976లో సుప్రీంకోర్టు కూడా అంది. ముందుగా దొరికేది ఉత్తర్వు. బెయిలు పనిచేసేది అరెస్టయ్యాకే. అయినా పేరు నిలిచింది. వాడుక ముందు ఎవరి మాటా చెల్లదు మరి.

ఇప్పటి చిక్కు అంకెలతో. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక సురక్షా సంహిత)లో ముందస్తు బెయిలు 482వ సెక్షన్. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్, అదిప్పుడు 528. మొన్న అదాలత్ సెంటర్‌లో చాయ్ తాగుతుంటే పక్కనే ఓ పెద్ద వకీలు “పొద్దున్నే 482 వెయ్యి” అన్నారు. కుర్రాడు గ్లాసు పక్కన పెట్టి “హైకోర్టులోనా సార్?” అన్నాడు. “కాదురా, ఇక్కడే, సెషన్స్‌లో. మన 438!”