సైడ్ ఎఫెక్ట్ అంటే మందు పడకపోవడమేనా?

రెండూ ఒకటేనా అని అడిగారు. కాదండీ. పెన్సిలిన్ లాంటిది వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడకపోతే అది పడకపోవడం, అంటే ఎలర్జీ. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. సైడ్ ఎఫెక్ట్ చాలావరకు వేరే సంగతి. మందు మనకు కావలసిన పని చేస్తూనే, అడగని పని ఇంకోటి కూడా చేసిపెడుతుంది.

మా అమ్మకు బీపీకని రామిప్రిల్ మొదలుపెట్టిన కొన్నాళ్లకు పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఏదో గీరుతున్నట్టు ఒకటే దగ్గు, పడుకుంటే మరీనూ. మిరియాల కషాయం, ఆవిరి, మందుల షాపులో ఇచ్చిన సిరప్ అన్నీ అయ్యాయి. దుమ్ము పడట్లేదని పక్కింటి పిన్నిగారు తేల్చేశారు. తీరా డాక్టరుగారు పాత చీటీ చూడగానే "ఈ బిళ్ల వల్లేనమ్మా" అన్నారు. మామూలుగా ఒంట్లో ఎప్పటికప్పుడు కరిగిపోవలసిన బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని ఈ రకం మందులు కరగనివ్వవు. అది పోగుపడి దగ్గు తెప్పిస్తుంది. అందరికీ రాదు, కొందరికే. టెల్మిసార్టన్ అనే వేరే రకం బీపీ బిళ్లకు మార్చారు. దగ్గు రాత్రికి రాత్రే పోలేదు గానీ నెల తిరగకుండానే సర్దుకుంది.

చిక్కంతా ఇక్కడే. సైడ్ ఎఫెక్ట్‌ను కొత్త జబ్బు అనుకుని దానికో మందు, ఆ మందు తెచ్చిన దానికి ఇంకో మందు. ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల వేసుకునేవాళ్లలో కొందరికి చీలమండలు వాస్తాయి, ఇక కిడ్నీలు పోయాయేమోనని ఇంట్లో టెన్షన్. వాపుకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి చూపించుకోవాల్సిందే, కానీ వాడే బిళ్లలన్నీ వెంట తీసుకెళ్లండి. సొంతంగా మాత్రం ఆపేయకండి, బీపీ మళ్లీ ఎగబాకుతుంది.

అన్నీ చెడ్డవే అనుకోనక్కర్లేదు. జుట్టుకు రాసుకునే మినాక్సిడిల్ మొదట బీపీ మందే. వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడం చూసి తలకు వాడటం మొదలుపెట్టారు!

డబ్బాలోని కాగితం చదివి హడలిపోకండి, అందులో రాసినవన్నీ ఒక్క మనిషికే రావు. ఐరన్ బిళ్లలకు విరేచనం నల్లగా అవడం, టీబీ మందు రిఫాంపిసిన్‌కు మూత్రం ఎర్రగా రావడం మామూలే. తేడాగా అనిపించినదాన్ని డాక్టరుకే కాదు, ప్రభుత్వానికీ చెప్పొచ్చు, రోగులు నేరుగా చేయగల టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024.