లక్ష్మివారం ఉండనివ్వండి, ఒట్టి ‘సోడా’ మాత్రం కొట్టేయండి

సందేహం: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. బట్టల సబ్బు ఇంట్లోనే చేసుకునే పద్ధతిని మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళకి ఒక కాగితం మీద రాసిచ్చాను. ‘లక్ష్మివారం ఇల్లు కడుక్కున్నాక, శనివారం తలంట్ల హడావిడి మొదలవకముందే సబ్బు పని పెట్టుకోండి. నూనెలో సోడా నీళ్ళు కలిపి, అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక ఎండబెట్టండి’ అని అందులో ఉంది. తెలిసిన మాస్టారొకరు ‘లక్ష్మివారం’ కొట్టేసి ‘గురువారం’ అని దిద్దారు, మిగతాదంతా బాగుందన్నారు. లక్ష్మివారం అని రాయడం తప్పా?

సమాధానం: దిద్దక్కర్లేనిది దిద్ది, దిద్దాల్సింది వదిలేశారమ్మా.

మాస్టారి వాదన ఏమై ఉంటుందో ఊహించగలను. వారాలకి గ్రహాల పేర్లుంటాయి, గురుడు గ్రహం, లక్ష్మి గ్రహం కాదు కదా అని. బాగానే ఉంది. మరి శుభలేఖల్లో శనివారాన్ని ‘స్థిరవారం’ అని అచ్చు వేయిస్తున్నాం, ఆ స్థిరం ఏ గ్రహం? శుభమా అని పెళ్ళి చేసుకుంటూ శని పేరెత్తడం ఇష్టం లేక వాడుకుంటున్నాం, ఎవరూ తప్పుపట్టలేదు. బృహస్పతివారం జనం నోట్లో నలిగి తెలంగాణలో, రాయలసీమలో ‘బేస్తవారం’ అయింది, దాన్నీ ఎవరూ కొట్టేయలేరు. మీ వైపు ఆ రోజు లక్ష్మీదేవిది. విశాఖ కనకమహాలక్ష్మి గుడి దగ్గర మార్గశిర లక్ష్మివారాల్లో జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే అక్కడా మార్గశిర గురువారాల్లోనే ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, కొలత పాత్రలో కొత్త ధాన్యం నింపి లక్ష్మిని కొలుస్తారు. ఇల్లు కడిగే పని ఆ రోజుకి కుదిరిందంటే అందులో వింతేముంది? వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మీ పక్క జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. అలాంటి చోట లక్ష్మివారానికి ఎర్ర ఇంకు గీతేమిటండీ! మీ సంఘంలో ఎవరికీ ఆ మాట దగ్గర అనుమానం రాదు, అది చాలు.

అనుమానం రావాల్సింది ‘సోడా’ దగ్గర. తెలుగిళ్ళలో సోడాలు ఒకటి కాదు. బజ్జీల పిండిలో చిటికెడు వేసేది తినే సోడా, కొందరు సోడా ఉప్పు అంటారు. మురికి గుడ్డలు నానబెట్టేది చాకలి సోడా, దీన్నే బట్టల సోడా అని కూడా అడుగుతాం. ఈ రెండూ దగ్గరి చుట్టాలే, తినే సోడాని బాగా వేడి చేస్తే చాకలి సోడాగా మారిపోతుంది. పూర్వం చాకలివాళ్ళు గుడ్డలకి పట్టించిన చౌడుమన్నులో పనిచేసిందీ ఆ చాకలి సోడా సరుకే. కానీ నూనెని సబ్బుగా మార్చడం ఈ రెండింటి వల్లా కాదు, దానికి కాస్టిక్ సోడా కావాలి. మీ కాగితంలో ఉన్నది బట్టల సబ్బు గురించి కాబట్టి చదివినావిడ తిన్నగా కొట్టుకెళ్ళి బట్టల సోడా అడిగి తెచ్చుకుంటుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఎంత కలిపినా గట్టిపడక నూనె నూనెలాగే తేలుతుంది, ఉద్దానం నుంచి తెప్పించుకున్న కొబ్బరినూనె దండగ. అది డబ్బు నష్టం, పోనీ అనుకోవచ్చు. కాస్టిక్ సోడా తెచ్చినావిడ దాన్ని ఒట్టి ‘సోడా’ అనుకుని వంటింటి గూట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టిందనుకోండి, అది తలుచుకుంటేనే నాకు టెన్షన్. చేతికి తగిలితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

కాబట్టి ఆ వాక్యం నిర్మొహమాటంగా పొడవు చేయండి. కిలో కొబ్బరినూనెకి 170 నుంచి 180 గ్రాముల కాస్టిక్ సోడా, తూకం వేసి మరీ. గ్లాసులతో, గుప్పెళ్ళతో కొలవకూడదు. ‘సోడా నీళ్ళు కలిపి’ అన్నారు గానీ, సోడాలో నీళ్ళు పోయాలా, నీళ్ళలో సోడా వేయాలా? నీళ్ళలోనే సోడా కొద్దికొద్దిగా వేయాలి, తిరగేస్తే కుతకుతలాడి మీదికి చిందుతుంది. ఆ ‘లో’ ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ వ్యాకరణం పరీక్ష కాదు, కళ్ళకి సంబంధించిన సంగతి. పొయ్యి మీద పెట్టకుండానే ఆ నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయని కూడా రాయండి. ‘గిన్నె’ అని ఊరుకోవద్దు, ‘స్టీలు గిన్నె’ అనండి. అల్యూమినియం గిన్నెని కాస్టిక్ సోడా తినేస్తుంది, మన ఇళ్ళలో గిన్నె అంటే సగం అవే.

మాస్టారికి కనిపించనిది ఇంకోటుంది, ‘ఎండబెట్టండి’. ఆ మాట చూస్తే మీవాళ్ళు సబ్బు బిళ్ళల్ని వడియాల్లా డాబా మీద పరిచేస్తారు. దీనికి కావాల్సింది ఎండ కాదు, గాలి. అలాగని ‘ఆరేయండి’ అంటే గుడ్డలూ దండెమూ గుర్తొస్తాయి. ‘నీడన, గాలి తగిలేలా నాలుగు వారాలు ఆరబెట్టండి’ అని రాయండి.