టెక్ సందేహాలు: కారులో అదనపు మీటర్లు

ప్రశ్న (కరీంనగర్ నుంచి): పదేళ్లు దాటిన డీజిల్ కారు. 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్‌కీ, ఇంజిన్ వేడికీ దీపాలే తప్ప ముల్లు మీటర్లు లేవు. ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, వోల్ట్ మూడూ కలిపిన సెట్టు కొనమని షాపువాళ్లు, బూస్ట్ మీటర్ పెట్టించమని మా తమ్ముడు. ముందు ఏది తీసుకోవాలి సార్?

జవాబు: తమ్ముడి కోరిక ఆఖర్న తీర్చండి. బూస్ట్ మీటర్ చూపేది టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని. టర్బో పైపు చీలితే బండి లాగుడు తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది. మీటర్ లేకపోయినా మీకు తెలిసిపోతుంది. ఆయిల్ ప్రెషర్ సంగతి అలా కాదు. చాలా కార్లలో ఆ ఎర్ర దీపం వెలిగేది ఒత్తిడి 0.3-0.5 బార్‌కి (బార్ అంటే ఒత్తిడి కొలత) పడిపోయాకే. 3000 ఆర్‌పీఎం మీద వెళ్తున్న ఇంజిన్‌కి మాత్రం కనీసం 2 బార్ ఉండాలని మెకానిక్కుల లెక్క. అంటే 2 నుంచి 0.5 దాకా జారుతున్నంతసేపూ దీపం నోరు మెదపదు. బేరింగులు అరిగినా, సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జల్లెడకు మడ్డి పట్టినా, ఆయిల్‌లో డీజిల్ కలిసి పల్చబడినా మొదట కనిపించేది ఆ మధ్యలోనే. కాబట్టి ముందు ఆయిల్ ప్రెషర్, ఆ తర్వాత కూలెంట్ టెంపరేచర్. వోల్ట్ మీటర్‌కి విడిగా డబ్బు పోయనక్కర్లేదు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకునేది చాలు. ఇంజిన్ నడుస్తుంటే 13.8-14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

చవక సెట్టులో ఆయిల్ మీటర్ వెనక సన్నని గొట్టం వేలాడుతుంటే వద్దనండి. అది మెకానికల్ రకం. మరిగే ఆయిల్ ఆ గొట్టంలోంచి డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది, రేకుకి రాసుకుని చిల్లు పడితే మీ కాళ్ల మీద పడుతుంది. సెండర్ (ఒత్తిడినో వేడినో కొలిచి మీటర్‌కి పంపే చిన్న భాగం), వైరుతో పనిచేసే ఎలక్ట్రికల్ రకమే తీసుకోండి. సైజు 52 మి.మీ. సరిపోతుంది, 60 మి.మీ. చిన్న కార్లలో చూపుకి అడ్డొస్తుంది. స్కేలు 0-10 బార్ ఉంటే మేలు, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు డీజిల్ ఇంజిన్లలో 5 బార్ దాటడం మామూలే. మీటర్, సెండర్ ఒకే కంపెనీవి, ఒకే డబ్బాలోవి అయ్యుండాలి. కొన్ని సెండర్లు 10-180 ఓమ్స్ రకం, కొన్ని 240-33 ఓమ్స్ రకం. ఇవి కలగాపులగమైతే ముల్లు తిరగబడి నడుస్తుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ సున్నా వైపు పోతుంది.

ఇక బిగింపు. ఇంజిన్ చల్లారాకే మొదలుపెట్టండి. ఆయిల్ ఫిల్టర్ దగ్గర్లో ఒంటి వైరుతో ఉండేది కంపెనీ ప్రెషర్ స్విచ్. దాన్ని తీసి పారేయకుండా టీ జాయింట్ వేసి ఒక పక్క అదే స్విచ్, రెండో పక్క కొత్త సెండర్ పెట్టించండి. మీటర్ పాడైనా దీపం మిగలాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: టీని నేరుగా ఇంజిన్ బ్లాకుకి బిగించి, దానికి బరువైన సెండర్‌ని వేలాడదీస్తారు. డీజిల్ ఇంజిన్ వణుకుడికి ఆ సన్నటి ఇత్తడి మెడ కొన్ని నెలల్లో చిట్లొచ్చు. చిట్లిన నిమిషాల్లో సంపు ఖాళీ అవుతుంది, ఇంజిన్ పట్టేస్తుంది. స్టీలు అల్లిక ఉన్న 30-45 సెం.మీ. ఆయిల్ హోస్ వేసి, టీని బాడీకి క్లాంపుతో కట్టించాలి.

ఆ క్లాంపు కింద పెయింటు గీకి, రేకు బయటపడ్డాకే బిగించాలి. ఒంటి వైరు సెండర్‌కి, కంపెనీ స్విచ్‌కి కూడా ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగివెళ్లే దారి) వాటి లోహపు ఒంటి గుండానే అందాలి. రబ్బరు పొదిగిన క్లాంపు వాడారో, మీటర్ తప్పుడు అంకెలు చూపిస్తుంది, అవసరమైనప్పుడు దీపమూ వెలగదు. టెఫ్లాన్ టేపు కూడా వద్దు. ఎర్త్‌ని అడ్డుకోవచ్చు, పైగా దాని తునకలు ఊడి ఆయిల్ దారుల్లోకి పోతాయి. ద్రవరూపంలో దొరికే థ్రెడ్ సీలెంట్‌ని, మొదటి రెండు థ్రెడ్లు వదిలేసి, పల్చగా పూయాలి. చేత్తో బిగుసుకున్నంత బిగించి, స్పానర్‌తో ఇంకో చుట్టో చుట్టున్నరో చాలు.

కూలెంట్‌కి రేడియేటర్ పై హోస్‌ని కోసి అడాప్టర్ దూర్చడం తేలిక పద్ధతి. హోస్ లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచాకే అడాప్టర్ కొనండి. 32, 34, 36 మి.మీ. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అడాప్టర్ రెండు వైపులా రబ్బరే కాబట్టి దానికి సొంత ఎర్త్ ఉండదు. స్క్రూ పెట్టి ఇంజిన్‌కి విడిగా వైరు లాగాల్సిందే. ఇంజిన్‌లోంచి బయటికొచ్చే చోట థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కి వదిలే కవాటం) ఉన్న బళ్లలో అది తెరుచుకునే దాకా ఈ ముల్లు చల్లగానే చూపించి, తర్వాత ఒక్కసారిగా 80 పైకి ఎగబాకుతుంది. కంగారు పడకండి. కంగారు పడాల్సింది ఘాట్ ఎక్కుతుండగా ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే. నీళ్లు కారిపోయి, సెండర్ చుట్టూ గాలే మిగిలిందన్నమాట. చల్లబడిందని ఇంకో రెండు కిలోమీటర్లు లాగిస్తే హెడ్ వంగుతుంది. వెంటనే ఆపండి, చల్లారే దాకా రేడియేటర్ మూత తీయొద్దు.

వైరింగ్‌కి 0.75 చ.మి.మీ. వైరు చాలు. పాత తీగల్ని కోయనివ్వకండి. ఇగ్నిషన్ తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు దగ్గర ఫ్యూజ్ ట్యాప్ గుచ్చి, 3 లేదా 5 ఆంపియర్ ఫ్యూజు వేయించండి. కంపెనీ వైరింగ్ కోసిన బండి రేపు షార్ట్ అయితే వారంటీ, బీమా వాళ్లు ముందు వేలెత్తి చూపేది దాన్నే. వైరుని క్యాబిన్‌లోకి ఇప్పటికే ఉన్న రబ్బరు బుష్ గుండానే తేవాలి.

స్టార్ట్ చేశాక టార్చిలైటుతో ప్రతి జాయింటూ చూడండి, పది నిమిషాల తర్వాత ఇంకోసారి చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో ఎంత, 2000 దగ్గర ఎంత, 3000 దగ్గర ఎంత అని రాసిపెట్టుకోండి. స్లోలో 1 బార్ అటూ ఇటూ ఉండి, రేస్ చేయగానే పెరిగితే దిగుల్లేదు. మీ బండికి ప్రమాణం మీరు రాసుకున్న ఆ మూడు అంకెలే, పక్కింటాయన కారు మీటర్ కాదు.

ప్రశ్న (గుంటూరు నుంచి): ఇవన్నీ ఎందుకు, కారు కంప్యూటర్ సాకెట్‌లో ఓబీడీ బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఫోన్‌లో చూసుకుంటే సరిపోదా?

జవాబు: సగం సరిపోతుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాతి బళ్లలో కూలెంట్ వేడి, ఆర్‌పీఎం, బ్యాటరీ వోల్టేజీ ఫోన్‌లో చూసుకోవచ్చు. హోస్ కోసే పని తప్పుతుంది. ఆయిల్ ప్రెషర్ మాత్రం రాదు. చాలా కార్లలో ఉన్నది సెన్సర్ కాదు, స్విచ్. దానికి తెలిసింది ఉందా లేదా అన్నదే. అలాంటి బండికి ఏదైనా యాప్ బార్‌లలో అంకె చూపిస్తే ఆ యాప్ తీసేయండి.

బూస్ట్ చూసేవాళ్లకి ఒక కిటుకు. కారు పంపేది మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) మొత్తం ఒత్తిడి. అందులోంచి బయటి గాలి ఒత్తిడిని తీసేస్తే వచ్చేది బూస్ట్. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడి 95 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. యాప్ 101 తీసేస్తుంటే దాదాపు 1 పీఎస్ఐ (మరో ఒత్తిడి కొలత) తక్కువ చూపిస్తుంది. సెట్టింగుల్లో మార్చుకోండి. పైగా ఆ అంకె ఒక్క బైటులో వస్తుంది కాబట్టి 255 కిలోపాస్కల్స్ దాటి పోలేదు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి (రీమ్యాప్) 22 పీఎస్ఐ పైన నడిపేవాళ్లకి అది అక్కడే ఆగిపోయి కనిపిస్తుంది.

తెర మీద ఎన్ని అంకెలు పెడితే ఒక్కోటి అంత నెమ్మదిగా మారుతుంది, మూడుకి మించి పెట్టొద్దు. ఐఫోన్ అయితే బ్లూటూత్ 4.0 లేదా వైఫై అడాప్టరే కొనాలి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసేసినా కరెంటు ఉంటుంది, కాబట్టి వారాల తరబడి ఊరెళ్తుంటే పీకేయండి.

ప్రశ్న (డాలస్ నుంచి): సెకండ్ హ్యాండ్ జపాన్ కారుకి ఆన్‌లైన్‌లో కొన్న ఆయిల్ ప్రెషర్ సెండర్ పెట్టాను. నాలుగు చుట్లు సాఫీగా వెళ్లింది, తర్వాత బిగిసింది. ఇప్పుడు సన్నగా ఆయిల్ చెమ్మ. ఇంకాస్త బిగించనా?

జవాబు: బిగించకండి. జపాన్ కార్లలో చాలావాటికి ఆ రంధ్రం 1/8 బీఎస్‌పీటీ థ్రెడ్డు, అంటే అంగుళానికి 28 పళ్లు, కోణం 55 డిగ్రీలు. అమెరికాలో దొరికే సెండర్లు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ, అంటే 27 పళ్లు, 60 డిగ్రీలు. తేడా ఒక్క పన్నే కాబట్టి మొదట్లో మోసపోతాం. బలవంతం చేస్తే అల్యూమినియం బ్లాకులో థ్రెడ్డు పోతుంది, ఒక్కోసారి రంధ్రం చుట్టూ లోహమే చిట్లుతుంది. తీసి చూడండి, థ్రెడ్డు ఇంకా నిలిచి ఉంటే, బయట బీఎస్‌పీటీ, లోపల ఎన్‌పీటీ ఉన్న అడాప్టర్ వేస్తే చాలు. (ఇదే అవసరం విజయవాడలో పడినవాళ్లు ఆటోనగర్‌లో లేత్ దగ్గర తిప్పించుకోవచ్చు.) థ్రెడ్డు పోయి ఉంటే ఆ రంధ్రాన్ని బాగుచేయించి కంపెనీ స్విచ్‌నే అక్కడ ఉంచి, మీటర్‌కి ఆయిల్ ఫిల్టర్ కింద శాండ్‌విచ్ ప్లేటు (ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఇరికించే, సెండర్‌కి రంధ్రం ఉన్న బిళ్ల) వాడండి. ప్లేటు నడిమి బోల్టు ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ వదులయ్యే వీలుంది, సర్వీస్ చేసేవాళ్లకి చెప్పి ఉంచండి.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు 5-6 డిగ్రీలు జరుగుతోంది. మీటర్ మార్చాలా?

జవాబు: మీటర్ బాగానే ఉంది, ఎర్త్ బాగాలేదు. మల్టీమీటర్‌ని 20 వోల్ట్ డీసీ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ సెండర్ ఒంటికీ మధ్య కొలవండి. 0.1 వోల్ట్ దాటితే ఆ దారిలో తుప్పో వదులో ఉంది. తర్వాత నెగటివ్‌కీ మీటర్ నల్ల వైరుకీ మధ్య అలాగే కొలవండి. ఆ నల్ల వైరు ఆడియో సిస్టమ్ ఎర్త్‌కి తగిలించి ఉంటే విడదీసి, ఇంజిన్ ఎర్త్ బోల్టు దాకా సొంతంగా లాగించండి.

ప్రశ్న (నల్గొండ నుంచి): మీటర్ ఎక్కడ పెడితే మంచిది? అద్దం పక్క పిల్లర్ మీద పాడ్ (మీటర్ అమర్చే గూడు) పెడతామంటున్నారు.

జవాబు: ఆ పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే వద్దు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ పాడ్ మీ ముఖం మీదికి వస్తుంది. ప్యాసింజర్ వైపు డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దాగి ఉండే మూత మీదా వద్దు. డ్యాష్‌బోర్డు నడినెత్తిన అంటిస్తే మే నెల ఎండకి జిగురు టేపు జారుతుంది, డిజిటల్ తెర నల్లబడుతుంది. స్టీరింగ్ పక్క ఏసీ వెంట్‌లో అమరే పాడ్ దొరికితే అదే తీసుకోండి. ఒక వెంట్ గాలి పోతుంది, అంతే.